నీళ్లకు భయపడి సెన్సార్ పీకకండి



షాంటిలీ నుంచి రాస్తున్నం. పొడుగు పోస్టు. లంచ్ టైంల చదవండి, లేకుంటే రాత్రి రూముకు పోయినంక చదవండి, కానీ సగంల ఆపకండి. మొదటి సగం షుగర్ ఉన్నోళ్లకు. రెండో సగం షుగర్ లేనోళ్లకు, ముఖ్యంగా మా లెక్క పదిమంది మీద పెత్తనం చేసే సూపర్వైజర్లకు. తిట్లు ఎక్కువ ఉన్నది రెండో సగంలనే. అందుల సగం తిట్లు మాకే.

మేం డాక్టర్లం కాదు. రూములో నలుగురం. పదో తరగతి దాటినోడు ఒక్కడే, వాడు కూడా ఇంటర్ ఫెయిల్. దుబాయిల, దోహాల షట్టరింగ్ పని, స్టీల్ పని చేసి, తర్వాత చుట్టాల పిటిషన్ల మీద ఏండ్లకేండ్లు ఎదురుచూసి ఈడికొచ్చినోళ్లం. ఇద్దరం సూపర్వైజర్లం, ఇద్దరు కాంక్రీట్ ఫినిషర్లు. ఈ పోస్టుల రాసింది డబ్బాలో వచ్చే కాగితం చదివి, క్లినిక్‌లో నర్సమ్మను పదిసార్లు అడిగి, చివరికి చేతులు కాల్చుకొని నేర్చుకున్నది. మందు మార్చేటప్పుడు మాత్రం మీ డాక్టర్‌ను అడగండి, మమ్మల్ని అడగకండి.

ముందు ఏం జరిగిందో చెప్తం.

మా రూముల పెద్దాయనను అందరం పెద్దన్న అంటం. 47 ఏండ్లు. షుగర్ వచ్చి 11 ఏండ్లు. రాత్రి ఇన్సులిన్ సూది, పొద్దున గ్లిమిపిరైడ్ గోలీ. చేతికి వెనుక సెన్సార్, రూపాయి బిళ్ల కన్న కొంచెం పెద్దది. షుగర్ ఎంతుందో ఫోన్‌ల చూపెడతది, కిందికి పోతే మోగుతది.

పోయిన జులైల ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ పూల్‌కు పోయినం. అంతకు ముందురోజే మన గ్రూపుల ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. ఎవరిదో తెలియదు. నీళ్లు తగిలితే సెన్సార్‌ల కరెంటు పుట్టి చెయ్యి గుంజుతదట, స్నానానికి ముందు తీసి పక్కకు పెట్టి, తర్వాత మళ్లీ అతికించుకోవచ్చట. పెద్దన్న అది విని పూల్ గట్టు మీద కూర్చొని బిళ్ల పీకిండు. పీకినంక తెలిసింది, అది మళ్లీ అతకదని. ఇంకో 6 రోజులు నడిచేది చెత్తబుట్టల పడ్డది. కొత్తదానికి మందుల షాపుకు పోతే ఇన్సూరెన్స్ తేదీ ఇంకా రాలేదన్నరు.

బుధవారం ఆష్‌బర్న్ వైపు ఒక పెద్ద స్లాబ్ పోస్తున్నం. 95 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం రెండు దాటింది. పెద్దన్న చేతిల ఫ్లోట్ పట్టుకొని ఊరికే నిలబడ్డడు. ఒళ్లంత చెమట. మాట తడబడుతున్నది. "ఏమైందన్నా" అంటే కోపం చేసిండు. ఏనాడు మమ్మల్ని పల్లెత్తు మాట అననోడు.

మేమేం చేసినం? ఎండదెబ్బ అనుకున్నం. నీడకు తెచ్చి కూర్చోపెట్టినం. మెడ మీద తడి గుడ్డ వేసినం. రెండు బాటిళ్ల నీళ్లు తాపినం. కూలర్‌ల ఉన్న గేటొరేడ్ ఇచ్చినం. అది జీరో రకం, చుక్క చక్కెర ఉండదు. 20 నిమిషాలు అట్లనే విసురుకుంట కూర్చున్నం.

చివరికి ఎవరు కనిపెట్టిండ్రు? సాల్వడార్ నుంచి వచ్చిన ఒక లేబర్ పిల్లగాడు. వాళ్ల అమ్మకు షుగరట. పెద్దన్న ముఖం చూసి "అసూకర్?" అన్నడు. అంటే చక్కెరా అని. ఉరికిపోయి తన లంచ్ సంచిలకెళ్లి కోక్ డబ్బా తెచ్చి సగం తాపిండు. ట్రక్కుల ఉన్న సూది మిషన్ తెచ్చి చూస్తే 46. అది కూడా కొంచెం కోక్ దిగినంక చూసింది. పావుగంటకు 74 అయింది. అప్పుడు పెద్దన్న మమ్మల్ని గుర్తుపట్టి "ఏందిరా ఇంతమంది జమైండ్రు" అన్నడు.

ఆ 20 నిమిషాలు మావి. ఎండదెబ్బ, షుగర్ పడిపోవుడు, రెండూ పైకి ఒక్క తీరుగనే కనబడ్తయి. చెమట, వణుకు, కండ్లు తిరుగుడు, పిచ్చి మాటలు. ఒకదానికి నీళ్లు, నీడ, చల్లదనం. రెండోదానికి చక్కెర. ఎన్ని బకెట్ల నీళ్లు తాపినా పడ్డ షుగర్ లేవదు. ఏది ఏదో చెప్పే బిళ్లను ఆదివారం నాడు చెత్తల పడేసినం. అందుకే ఈ పోస్టు.

ఇప్పుడు ఆ వాయిస్ మెసేజ్ సంగతి.

అది అబద్ధం, అందుల ఒకటి కాదు రెండు. బిళ్లకు నీళ్లు తగిలితే షాక్ కొట్టదు, దాన్ని నీళ్లల్ల పెట్టుకునేటట్టే మూసి తయారుచేస్తరు. ఒకసారి పీకితే మళ్లీ పనిచెయ్యదు, చర్మం కింద ఉండే సన్న తీగ బయటికి వచ్చినంక దాని పని ఖతం. తయారుచేసిన కంపెనీలే కాగితం మీద రాసినయి. ఫ్రీస్టైల్ లిబ్రే 2, లిబ్రే 3 రకాలైతే 3 అడుగుల లోతు వరకు, 30 నిమిషాల దాకా. డెక్స్‌కామ్ జీ6, జీ7 అయితే 8 అడుగుల లోతు వరకు, 24 గంటల దాకా. షవర్ కింద స్నానానికి, వానకు, సైట్‌ల పైపు కొట్టి మీద పడ్డ నీళ్లకు ఏ రకానికీ భయం లేదు.

అట్లని ఇంకో రకం మనుషులున్నరు. "వాటర్‌ప్రూఫ్ బ్రో, ఏం గాదు" అని పూల్ లోతు వైపు దుంకెటోళ్లు. వాళ్లకూ ఒక మాట. మన పనిల బేస్‌మెంట్ గోడకు నల్లగ పూసేది డ్యాంప్‌ప్రూఫింగ్. అది మట్టిల తేమను ఆపుతది. గోడకు ఆనుకొని నీళ్లు నిలబడి ఒత్తిడి పడితే ఆపదు. దానికి వేరే పొర, వేరే డ్రెయిన్ కావాలె. రెండిటికీ తేడా తెలియకుండ గోడ కట్టినోడి బేస్‌మెంట్ రెండేండ్లకు ఏమైతదో మనకు తెలుసు. సెన్సార్ కూడా అంతే. 3 అడుగులు అని రాసిందాన్ని 9 అడుగుల లోతుకు తీసుకపోతే తప్పు సెన్సార్‌ది కాదు. నడుము లోతు నీళ్లల్ల అరగంట నిలబడి ఆడుకోండి, బయటికొచ్చి కాసేపు కూర్చోండి, మళ్లీ దిగండి. చలికాలం కబ్ రన్ రెక్ సెంటర్‌ల ఈతకు పోయెటోళ్లు కూడ ముందు తమది ఏ రకమో చూసుకొని దిగాలె.

వేడి నీళ్ల తొట్టి సంగతి వేరు. పని చేసి ఒళ్లు నొప్పులున్నయని అందరం ఆ హాట్ టబ్‌ల కూర్చుంటం. వేడికి నరాలు వదులై, పొడుచుకున్న ఇన్సులిన్ తొందరగ రక్తంల కలుస్తది. షుగర్ గబుక్కున పడిపోతది. ఇన్సులిన్ సూది వేసుకున్న కాసేపటికే హాట్ టబ్‌కు పోవద్దు. ఒక్కరే అసలే పోవద్దు.

మరి సెన్సార్లు ఎందుకు ఊడిపోతున్నయి? మా రూముల, పక్క రూములల్ల ఊడినవాటి సంగతి ఒక్కొక్కటి అడిగి చూసినం. స్నానం నీళ్లకు ఊడింది ఒక్కటి లేదు. ఒకటి రీబార్ కట్ట భుజం మీదికి ఎత్తుకుంటే ఊడింది. ఒకటి హార్నెస్ తొడుక్కుంటే పట్టీకి తట్టుకొని ఊడింది. ఒకటి డోర్ ఫ్రేమ్‌కు గీరుకున్నది. రెండు చెమటకు. ఇంకో రెండు మాత్రం మన అలవాటుకు ఊడినయి: ఆదివారం తలంటు. నెత్తికి, ఒంటికి నూనె రాసుకొని, సీకాయతో కడుక్కొని, తుడుచుకొని, అదే చేతికి కొత్త బిళ్ల కొట్టుకున్నరు. నూనె గోడ మీద టేప్ నిలబడ్తదా? పెయింట్ వేసే ముందు గోడ తుడవాలె, ఆరనియ్యాలె అని మనం పిల్లలకు రోజూ చెప్తం. మన చర్మం దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతం.

మేం ఇప్పుడు చేసేది ఇది. నూనె పెట్టుకునే రోజు వేరు, బిళ్ల పెట్టుకునే రోజు వేరు. పెట్టుకునే రోజు మామూలు సబ్బుతో కడిగి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, పూర్తిగ ఆరినంక పెట్టుకుంటం. రాత్రి పూట పెట్టుకుంటం, తెల్లారేసరికి జిగురు పట్టుకుంటది. బరువులు ఏ భుజం మీద మోస్తమో దాని అవతలి చేతికి పెట్టుకుంటం. మీద ఒక పట్టీ అంటిస్తం. స్నానం అయినంక రుద్దకుండ అద్దుకుంటం. అయినా ఊడితే పారెయ్యకముందు డబ్బా మీది నంబర్ చూసి కంపెనీకి ఫోన్ చేస్తం. చాలాసార్లు కొత్తది పంపుతరు. ఇంగ్లీషు రాదని ఊకోకండి, పక్కన రూముల చదువుకున్న పిల్లగాడు ఎవడో ఒకడు ఉంటడు.

ఇంకో రెండు ముచ్చట్లు, నీళ్లల్ల కలుపుకునేటివి, నీళ్లతో మింగేటివి. ఒళ్లు నొప్పులకు మనం టైలినాల్ బఠానీల లెక్క మింగుతం. డెక్స్‌కామ్ జీ6, జీ7 పెట్టుకున్నోళ్లు 6 గంటలకు 1 గ్రాము దాటితే, అంటే 500 గోలీలు రెండు దాటితే, సెన్సార్ ఉన్నదానికన్న ఎక్కువ చూపెట్టొచ్చు. షుగర్ పడిపోతుంటే బాగనే ఉన్నదని చూపెడితే ఇంక అలారం ఎక్కడిది? లిబ్రే రకాలకు ఎక్కువ మోతాదు విటమిన్ సీతోటి ఇదే తంటా. జలుబుకని నీళ్లల్ల కలుపుకొని తాగే పొడిల అదే ఉంటది. ఎంత దాటొద్దో డబ్బా కాగితం మీద ఉన్నది. చదివించుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నం.

నీళ్లు సెన్సార్‌ను చంపవు గానీ దాని గొంతు మూస్తయి. అది ఫోన్‌కు మాట పంపేది బ్లూటూత్ మీద. బ్లూటూత్ నీళ్లల్లకెళ్లి పోదు. గాలిలనే దాని దూరం రకాన్ని బట్టి 20 నుంచి 33 అడుగులు. మీరు పూల్‌ల మునిగి ఉన్నంతసేపు గట్టు మీది ఫోన్‌కు ఏం తెలియదు. సెన్సార్ లెక్కలు దాచిపెట్టుకుంటది, బయటికొచ్చినంక పోయిన గీత మొత్తం గీసి చూపెడతది. కానీ 20 నిమిషాల కింద మోగాల్సిన అలారం 20 నిమిషాల కింద మోగదు గదా. ఇంకోటి, అది చూసేది రక్తం కాదు, చర్మం కింది నీరు. షుగర్ గబగబ పడుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనక ఉంటది. ఈతల ఒంటికి పని, షుగర్ పడేది అప్పుడే.

కాబట్టి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడెటోళ్లు నీళ్లల్ల దిగేముందు ఒకసారి చూసుకోండి. ఎంతుందన్నదొక్కటే కాదు, బాణం గుర్తు కిందికుందా పైకుందా చూడండి. కిందికుంటే ఏదన్న తిని దిగండి. ప్రతి 20, 30 నిమిషాలకు బయటికి రండి. పక్కన ఒక మనిషి ఉండాలె, ఆ మనిషికి సంగతి తెలిసి ఉండాలె. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడెటోళ్లకు షుగర్ ఇట్ల పడిపోవుడు అరుదు, వాళ్లు మరీ బెంబేలు పడొద్దు. మీ గోలీ ఏదో మీకు తెలుసా? ఊరి నుంచి సంచిల తెచ్చుకున్న స్ట్రిప్పుల మీద ఒకసారి చూడండి. రెండు మూడు మందులు కలిపిన గోలీలు మన దిక్కు మస్తు. అందుల గ్లిమిపిరైడ్ ఉన్నదా లేదా అన్నది మీ ప్రాణానికి సంబంధించిన ముచ్చట.

నీళ్లల్ల ఉంటే ఫోన్‌కు మాట అందదు, సరే. మరి సైట్‌ల? సైట్‌ల నీళ్లు లేవు, అయినా అందదు. ఎందుకు? ఫోన్లు గ్యాంగ్ బాక్సుల పెట్టి తాళం వేస్తున్నం గనక!

ఇదిగో మమ్మల్ని మేం తిట్టుకునే భాగం ఇక్కడ షురూ. మేం పనిచేసిన ఒక సైట్‌ల రూల్: పొద్దున 7కు ఫోన్ ఇచ్చెయ్యాలె, లంచ్‌కు తీసుకోవాలె, మళ్లీ ఇచ్చెయ్యాలె. పేరు సేఫ్టీ. ఆ రూల్ పెట్టింది పైనోళ్లు, అమలు చేసింది మేం. ఒకడు "అన్నా, నా షుగర్ అలారం ఫోన్‌లనే వస్తది" అంటే, "అందరికీ ఒకటే రూల్ తమ్మీ" అన్నం. నోటికొచ్చిన మాట అది. క్రేన్ కింద రీల్స్ చూసెటోడికి, ప్రాణానికి అలారం పెట్టుకున్నోడికి ఒకటే రూల్ ఎట్లయితది? హెల్మెట్ లేకుంటే లోపలికి రానియ్యం, కండ్లద్దాలు లేకుంటే రానియ్యం. వానికి ఆ ఫోన్ కూడ హెల్మెట్ లాంటిదే.

దీనికి చట్టం ఉన్నది. వికలాంగుల హక్కుల చట్టం, 1990లో వచ్చింది, 2008లో గట్టిపడ్డది. షుగర్ జబ్బు దాని కిందికి వస్తది. 15 మంది, ఆ పైన పనిచేసే కంపెనీ ఏదైనా, పనికి పెద్ద ఇబ్బంది లేని సర్దుబాటు అడిగితే చెయ్యాలె. ఫోన్ గానీ రిసీవర్ గానీ జేబుల ఉంచుకోనిచ్చుడు, రెండు నిమిషాలు ఆగి చూసుకోనిచ్చుడు, ఏదన్న తిననిచ్చుడు, ఇవన్నీ ఆ లెక్కలకే వస్తయి. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి అడగండి, ఒక కాపీ ఫోటో తీసి పెట్టుకోండి.

"చెప్తే పని నుంచి తీసేస్తరన్నా" అని చాలామంది అంటరు. ఆ భయం మాకు తెలుసు. దోహాల మెడికల్‌కు పోయేముందు ఎంత భయపడ్డమో మాకు యాదికున్నది. రిపోర్టుల ఏదన్న తేడా వస్తే టికెట్ చేతిల పెడ్తరు. ఆ భయాన్నే సంచిల పెట్టుకొని ఈడిదాక మోసుకొచ్చినం. ఎండకాలంల కూడ ఫుల్ చేతుల చొక్కా వేసుకొని సెన్సార్ దాచుకుంటున్నం. పెద్దన్న కూడ దాచుకున్నోడే. ఆ రోజు పక్కన పనిచేసేటోళ్లల్ల ఆయనకు షుగర్ అని తెలిసినోళ్లం ముగ్గురమే, ఆ ముగ్గురికి కూడ ఆ క్షణంల తట్టలేదు. దాచుకున్న జబ్బుకు పక్కనోడు సాయం చెయ్యలేడు. మొత్తం సైట్‌కు మైక్ పెట్టి చెప్పమంటలేం. నీ పక్కన పనిచేసే ఇద్దరికి చెప్పు. వాళ్లు తెలుగోళ్లే కానక్కర లేదు. మా పెద్దన్నను కాపాడినోడికి తెలుగు ఒక్క ముక్క రాదు.

ఫోన్ చేతిల ఉంటే అయిపోయిందా? లేదు. 2025 ఫిబ్రవరిల ఇక్కడి మందుల శాఖ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫోన్ సెట్టింగులు మారి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ గానీ కారు గానీ కలిసినప్పుడు, షుగర్ అలారాలు మోగక, వినబడక పోతున్నయని. చెవిల బడ్స్ పెట్టుకొని పాటలు వినేటోళ్లు వినండి. ఫోన్ అప్‌డేట్ అయిన ప్రతిసారి అలారం మోగుతున్నదా చూసుకోండి. సైలెంట్‌ల పెట్టి పడుకుంటే అలారం వస్తదా రాదా, ముందుగనే తెలుసుకోండి. సెన్సార్ అంకె ఒకటి, మీ ఒళ్లు చెప్పేది ఇంకోటి అయితే ఒంటిని నమ్మి సూది మిషన్‌తోటి చూడండి. చూసేముందు చేతులు కడుక్కోండి. సిమెంట్ వేళ్లతో, జ్యూస్ అంటిన వేళ్లతో చూస్తే తప్పు అంకె వస్తది.

ఇంక తాగే నీళ్ల ముచ్చట. ఇది షుగర్ ఉన్నోళ్లకు, లేనోళ్లకు ఇద్దరికీ.

షుగర్ ఎక్కువైనోడికి మూత్రం ఎక్కువ వస్తది. మూత్రం ఎక్కువ వస్తదని నీళ్లు తాగుడు బంద్ చేస్తడు. ఎందుకు? టాయిలెట్ ఫర్లాంగు దూరంల ఉంటది. రెండుసార్లు పోతే మూడోసారి ఫోర్‌మన్ గడియారం చూపెడ్తడు. "మళ్లా పోతున్నవా" అని నవ్వుతడు. మేం కూడ నవ్వినోళ్లమే. నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోతే సెన్సార్ లెక్క కూడ తప్పొచ్చని కాగితం మీదనే రాసి ఉన్నది. అంటే నీళ్లు సెన్సార్‌ను పాడుచేస్తయని భయపడెటోడు అసలు నీళ్లు తాగకుండ దాన్ని తప్పుదారి పట్టిస్తున్నడు!

కట్టడం పనిల తాగేనీళ్లు, టాయిలెట్ ఉండాలన్నది ఫెడరల్ రూల్. కాగితాలున్నాయా లేవా అన్నదానితోటి దానికి సంబంధం లేదు, పనిచేసే ప్రతి మనిషికీ అది వర్తిస్తది. ఎండల పనిచేసెటోళ్లు 15, 20 నిమిషాలకు ఒక కప్పు, అంటే 8 ఔన్సుల నీళ్లు తాగాలని ఓషా చెప్తది. గంటకు 48 ఔన్సులు దాటొద్దని కూడ చెప్తది.

కానీ ఎండకు పని ఆపే చట్టం? దుబాయిల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని బంద్. ఖతర్‌ల 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాక పొద్దున 10 నుంచి 3:30 వరకు బంద్. అక్కడ మనం పడ్డ కష్టాలు మనకు తెలుసు, ఆ రూల్ తప్పించినోళ్లను కూడ చూసినం. అయినా రూల్ అయితే ఉన్నది. ఇక్కడ పొటోమాక్ నది దాటి మేరీల్యాండ్‌కు పోతే 2024 సెప్టెంబర్ 30 నుంచి ఎండ చట్టం ఉన్నది, గంటకు మనిషికి 32 ఔన్సుల నీళ్లు పనిచేయించేటోడే ఇయ్యాలె. నదికి ఇవతల వర్జీనియాల అటువంటి చట్టం లేదు. ఎండ నది దాటి వచ్చేటప్పుడు చల్లబడ్తదా? 2024 ఆగస్టుల ఓషా దేశం మొత్తానికి ఒక రూల్ ప్రతిపాదన పెట్టింది. ప్రతిపాదనతోటి గొంతు తడవదు.

చట్టం వచ్చేదాక చేతులు కట్టుకొని కూర్చుందామా? నీళ్ల కూలర్ ఎక్కడ పెట్టాలన్నది చట్టం చెయ్యదు, సూపర్వైజర్ చేస్తడు. ఆ కూలర్‌ల ఏం ఉండాలన్నది కూడ సూపర్వైజరే చేస్తడు. మా కూలర్‌ల ఆనాడు అన్నీ జీరో బాటిళ్లే, చక్కెర మంచిది కాదని. చక్కెర మంచిది కాదు, నిజమే, షుగర్ పడిపోయిన నిమిషంల తప్ప! మామూలు గేటొరేడ్ 20 ఔన్సుల బాటిల్‌ల 34 గ్రాముల చక్కెర ఉంటది. పడిపోయినోడికి సగం బాటిల్ చాలు.

లెక్క గుర్తుపెట్టుకోండి. 70 కన్న కిందికి వస్తే 15 గ్రాముల చక్కెర. అంటే సగం కప్పు జ్యూస్, లేకుంటే నీళ్లల్ల మూడు టీస్పూన్ల చక్కెర. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా కిందనే ఉంటే మళ్లీ ఇయ్యండి. లడ్డు, చాక్లెట్ వద్దు, అందుల నెయ్యి, కొవ్వు ఉంటది, చక్కెర రక్తంల కలిసేసరికి ఆలస్యమైతది. స్పృహ తప్పినోడి నోట్లె ఏం పొయ్యొద్దు, ఊపిరి గొట్టంలకు పోతది. 911 కొట్టండి. డాక్టర్ రాసిచ్చిన గ్లూకగాన్ దగ్గరుంటే అది ఇయ్యండి.

ఇంకో కడుపుమంట చెప్తం.

షాంటిలీల, సౌత్ రైడింగ్‌ల మనోళ్లు మస్తు మంది. ఐటీ అన్నలు కొందరు ఇప్పుడు షుగర్ లేకున్నా సెన్సార్ పెట్టుకుంటున్నరు. 2024 ఆగస్టు నుంచి స్టెలో అని ఒకటి డాక్టర్ చీటీ లేకుండనే అమ్ముతున్నరు, నెలకు 99 డాలర్లు. బిర్యానీ తింటే గీత ఎట్ల లేచిందో చూపెట్టుకొని నవ్వుకుంటరు. తప్పని అంటలేం, వాళ్ల పైసలు వాళ్లిష్టం. కానీ పక్కనే ఇన్సులిన్ పొడుచుకొని కాంక్రీట్ పోసెటోడు రెండో సెన్సార్‌కు తేదీ రాలేదని ఉత్త చేతులతోటి పనికి పోతున్నడు. ఈ రెండూ ఒకటే జిప్ కోడ్‌ల జరుగుతున్నయి.

మనోళ్లల్ల కొందరు, చౌకగ వస్తుంది గదా అని ఇన్సులిన్ వాడుకుంటనే ఆ స్టెలో కొంటున్నరు. కొనకండి. అది ఇన్సులిన్ వాడనోళ్లకు చేసింది. షుగర్ ప్రమాదంగ పడిపోతే మేలుకొలిపే అలారం దాంట్ల లేదు. మీకు కావాల్సిందే ఆ అలారం.

"మా తాతకు ఏ సెన్సార్ ఉండె? ఊరి చెరువుల ఈదిండు, 80 ఏండ్లు బతికిండు" అని ఒక అన్న మొన్న మాతోటి కొట్లాడిండు. మంచిదే. మీ తాత ఇన్సులిన్ పొడుచుకొని ఈదిండా? గ్లిమిపిరైడ్ మింగి పొద్దటి నుంచి ఏం తినకుండ ఈదిండా? షుగర్ కిందికి తోసే మందు ఒంట్ల వేసుకున్నంక కింద పడకుండ చూసుకునే పని కూడ మనదే. దేశంల 10.1 కోట్ల మందికి షుగర్ ఉన్నదని 2023ల ఐసీఎంఆర్ సర్వే లెక్క చెప్పింది. మన ఇంట్ల లేదని ఎవడు గట్టిగ చెప్తడు?

చెరువు అంటే గుర్తొచ్చింది. 2027ల గోదావరి పుష్కరాలు. 2015ల సెలవు దొరకక పోలేదని ఇప్పటికీ ఇంట్ల మాటలు పడుతున్నం, ఈసారి మనోళ్లు చాలామంది సెలవు పెట్టి పోతరు. ధర్మపురి, కాళేశ్వరం, బాసర, రాజమండ్రి, ఎక్కడికి పోయినా సరే. మూడు మునకలకు సెన్సార్‌కు ఏం గాదు. పీకకండి. గట్టు మీద నీళ్లు తుడుచుకొని ఆరబెట్టుకోండి, చాలు. అక్కడ భయపడాల్సింది వేరే ఉన్నది. స్నానం అయ్యేదాక ఏం తినొద్దని పొద్దటి నుంచి ఉపాసం, మందు మాత్రం వేసుకొని, ఎండల గంటలకొద్ది లైన్. జేబుల ఇంత బెల్లమో, చక్కెర పొట్లమో పెట్టుకోండి. షుగర్ పడిపోతుంటే నోట్లె వేసుకోండి. ఏ దేవుడూ తప్పు పట్టడు. ఉత్త కాళ్లతోటి రాళ్ల మీద నడిచినంక పాదాలు చూసుకోండి.

చివరికి సూపర్వైజర్ అన్నలకు ఒక మాట, మేం మాకు చెప్పుకున్నదే మీకు చెప్తున్నం.

మీ గ్యాంగ్‌ల ఎవరికి షుగర్ ఉన్నదో అందరి ముందర అడగకండి. పక్కకు పిలిచి, "చెప్పాలనిపిస్తే చెప్పు, చెప్తే నీ పనికి ఏం గాదు" అనండి, అన్నంక ఆ మాట మీద నిలబడండి. ఫోన్ రూల్ ఉంటే షుగర్ ఉన్నోడికి అందుల సందు పెట్టించండి, పైనోళ్లతోటి కొట్లాట అయితే కొట్లాడండి. కూలర్‌ల జీరోతోపాటు నాలుగు చక్కెర బాటిళ్లు ఉంచండి. ఫస్ట్ ఎయిడ్ డబ్బాల సూది మిషన్, స్ట్రిప్పులు పెట్టించండి. టాయిలెట్‌కు పోయెటోడిని చూసి నవ్వకండి. ఎండల ఎవడన్న తూలితే నీడకు తెచ్చి మొదట అడగాల్సిన ప్రశ్న, "షుగర్ ఉన్నదా?" ఆ ఒక్క మాట మేం ఆనాడు అడగలేదు.

సైట్ మీటింగుల ఇదంత మేం పైనోళ్లకు చెప్పినం. ఫోన్ జేబుల పెట్టుకోవడానికి ముగ్గురికి ఒప్పుకున్నరు. ముగ్గురు! ఆ మీటింగు ముందు వరకు మా గ్యాంగ్‌ల షుగర్ ఉన్నది పెద్దన్న ఒక్కడికే అనుకున్నం. ఇంకో ఇద్దరు ఇన్ని రోజులు చొక్కా చేతుల కింద దాచుకొని మా కండ్ల ముందరనే పనిచేసిండ్రు.

పెద్దన్న బాగున్నడు. పోయిన ఆదివారం మళ్లీ పూల్‌కు పోయినం. చేతికి బిళ్ల, దాని మీద పట్టీ. గట్టు మీద ఫోన్, సూది మిషన్, రెండు జ్యూస్ డబ్బాలు. అరగంటకోసారి "ఏయ్ పెద్దన్నా, బయటికి రా" అని మేం అరుస్తుంటే ఆయన మమ్మల్ని తిట్టుకుంట వస్తున్నడు. ఈసారి మస్తు తెలివితోటి తిడుతున్నడు, అందుకే మాకు భయం లేదు.

ఆ వాయిస్ మెసేజ్ మీ గ్రూపుల తిరిగితే దాని కింద ఈ పోస్టు పెట్టండి. తప్పు రాస్తే చెప్పండి, దిద్దుకుంటం. మీ సైట్‌ల ఫోన్ రూల్ ఎట్లున్నది, నీళ్లు ఎంత దూరంల పెడుతున్నరు, రాయండి. దుబాయి, ఖతర్, సింగపూర్ అన్నలు కూడ రాయండి.

ఉంటం. నీళ్లు తాగండి.